జర అటు తిరుగుండ్రి

పోయిన నెల జనగామ మార్కెట్లో మాంసం కొందామని పోయి ఉత్త చేతులతో తిరిగొచ్చాను. కొట్టువాడు మూడు మేకల్ని ఒకే తాడుకు కట్టి, రెండింటి కళ్ల ముందే మూడోదాన్ని పడుకోబెట్టాడు. "జర ఆ రెండిటిని అటు తిప్పి కట్టు బిడ్డా" అన్నాను. వాడు కత్తి ఆపకుండానే, "అవి చూస్తే ఏమైతదమ్మా? పోయి పోలీసులకు చెప్తయా?" అన్నాడు. వరుసలో నిలబడ్డవాళ్లందరూ పకపకా నవ్వారు. నాకు ఒళ్లు మండింది. సంచి మడిచి చంకలో పెట్టుకుని ఇంటికొచ్చి పప్పు వండాను. పండగపూట పప్పేమిటని మనుమలు మూతులు ముడిచారు. ముడిస్తే ముడవనీ. మా ఊళ్లో ఒకాయన జీవితమంతా పండగపూట పప్పే తిన్నాడు. ఆయనకేం తక్కువైంది?

ఆయన్ని ఊరంతా ముల్లా అనేది. చిన్నవాళ్లు పక్కన సాబు అని తగిలించేవాళ్లు. నేనూ ముల్లా సాబు అనే పిలిచాను. ఆయన బతికుండగా ఎవరూ పేరు పెట్టి పిలవగా నేను వినలేదు, కాబట్టి ఇక్కడా పేరు రాయను.

మా అత్తగారి ఊరు జఫర్‌గఢ్ అవతల, బండ్లబాట మీద ఉంటుంది. ఊళ్లో ముస్లిం ఇల్లు అదొక్కటే. హిందువుల ఇండ్లే ఎక్కువ, మా కిరస్తానీ ఇండ్లు పది పన్నెండు. ఎవరింట్లో మేకను కొయ్యాలన్నా ముల్లా వచ్చి, దేవుడి పేరు చెప్పి, కత్తి పెట్టాలి. అట్లా అయితేనే ఊళ్లో దాన్ని తినే మాంసం అనేవాళ్లు. దసరాకు గౌండ్లవాళ్లింట్లో ఆయనే, క్రిస్మస్‌కు మా ఇంట్లో ఆయనే, అందరి పెళ్లిళ్లకూ ఆయనే. ఎప్పటి నుంచి ఇట్లా అని నేను అడిగితే మా అత్త నన్ను వింతగా చూసింది. పొద్దు తూర్పున ఎందుకు పొడుస్తుందని అడిగినా అంత వింతగా చూసేది కాదేమో.

నేను కొత్త కోడలిగా వచ్చిన మూడోరోజు మొదటిసారి ఆయన్ని చూశాను. పొట్టి మనిషి, బొద్దు మీసం, మెడ చుట్టూ ఎర్రగళ్ల రుమాలు. పెళ్లి విందు కోసం పెరట్లో మేకపోతును కట్టారు. ఆయన ముందుగా ఇత్తడి చెంబుతో నీళ్లు తెచ్చి దాని మూతి దగ్గర పెట్టాడు. అది తాగలేదు. ఆయన గొంతుక్కూర్చున్నాడు. అది తాగేదాకా అట్లాగే కూర్చున్నాడు. లోపల ఎసరు మరిగి మరిగి సగమైంది. మా అత్త రెండుసార్లు వచ్చి, "ముల్లా, ఇయ్యాల్నా రేపా?" అని అడిగింది. "దానికి దూప కావాలె గద చెల్లె" అన్నాడు. చివరికి అది రెండు గుక్కలు తాగింది. రుమాలు తీసి దాని కళ్ల మీద కప్పాడు. అప్పుడు తలెత్తి, గడప మీద నిలబడి గుడ్లప్పగించి చూస్తున్న నన్ను చూశాడు.

"కోడలా, జర అటు తిరుగు బిడ్డా. అందరు చూస్తుంటె దానికి బుగులైతది."

నాకు అప్పుడు పందొమ్మిదేళ్లు. మిషన్ బడిలో ఏడో తరగతి దాకా చదివిన గర్వం ఒకటి ఉండేది. నేను చూస్తే మేకకు భయమేమిటి, చూస్తున్నానని దానికెట్లా తెలుస్తుందనుకున్నాను. అయినా తిరిగాను. ఆ మాటలో అట్లాంటి మర్యాద ఉంది. అది నాకు చెబుతున్నాడా, మేకకు చెబుతున్నాడా అన్నంత మెత్తగా అన్నాడు.

పని అయ్యాక ఆయన వంతు మెడ మాంసం ఆకులో కట్టిచ్చారు. ఆయన దాన్ని భార్య కోసం పక్కన పెట్టుకుని, మా వరండాలో కూర్చుని పప్పు, జొన్నరొట్టె తిన్నాడు. తను కోసినరోజు మాంసం ముట్టేవాడు కాదు. మతం చెప్పిందేమో అనుకుని మామను అడిగాను. "మతం లేదు, ఏం లేదు. గొంతు దిగదంతే" అన్నాడు మామ. ఇంకో వింత ఏమిటంటే ఇన్ని మేకల్ని కోసినవాడు తన రక్తం తాను చూడలేడు. కాలికి ముల్లు విరిగితే నేరుగా లచ్చక్క దగ్గరికి పోయేవాడు. లచ్చక్క అంటే పెద్ద గౌడు భార్య, ఊళ్లో ఆమె నోటికి జడవనివాడు లేడు. ఆమె పిన్నీసు తీసుకుని కూర్చుంటే ఈయన కళ్లు గట్టిగా మూసుకుని వీధి చివరిదాకా వినపడేట్టు అరిచేవాడు. "ఇంకా పిన్నీసు పెట్టనే లేదురా నాయినా!" అని ఆమె తిట్టేది.

ఆయన కత్తి ఆయన ఇంట్లో ఉండేది కాదు. మా ఇంట్లో ఉండేది, వంటింటి చూరులో, నూనెగుడ్డలో చుట్టి. అవసరమైన రోజు వచ్చి అడిగి తీసుకునేవాడు, కడిగి తెచ్చి మళ్లీ ఇచ్చేవాడు. అంతకుముందు అట్లా లేదట. రజాకార్ల గోల మొదలయ్యాక ఒక రోజు వచ్చి మా మామ చేతిలో పెట్టాడట. మామ చర్చి బడిలో పంతులు. "ఇది నా ఇంట్ల ఉంటె నన్ను కత్తి ఉన్న మనిషి అంటరు పంతులూ. నీ ఇంట్ల ఉంటె ఊరి కత్తి అంటరు" అన్నాడట.

రోజులు అట్లాంటివి. ఒకవైపు దొరల మీద, నవాబు సర్కారు మీద తిరగబడ్డ సంఘం దళాలు, ఇంకోవైపు రజాకార్లు, మధ్యలో సర్కారు పోలీసులు. ఎవరొచ్చినా ముందు అడిగేది ఒకటే, అవతలివాళ్లకు అన్నం ఎవరు పెట్టారని. మా పక్క ఊరిని రజాకార్లు అట్లాగే కాల్చారు. ఆ పొగ మా పెరట్లోకి కనిపించింది. ఆ మర్నాడు ముగ్గురు మా బడి గదిలో కూర్చున్నారు. ముల్లా, మా మామ, పెద్ద గౌడు. నేను మంచినీళ్లు ఇయ్యడానికి పోయి అక్కడే నిలబడిపోయాను. వెళ్లమని ఎవరూ అనలేదు.

"ముగ్గురం కలిసి ఎదురుపోతె ముగ్గురినీ తంతరు" అన్నాడు ముల్లా. "వచ్చేటోళ్లను చూసి ఒక్కడు ముందట పోవాలె. మిగిలిన ఇద్దరు పదడుగులు యెనుక. రజాకార్లయితె నేను. సంఘపోల్లయితె గౌడు, వాళ్ల దాంట్ల నీ బామ్మర్దులే ఉన్నరాయె. సర్కారు పోలీసులయితె పంతులు. తెల్లదొరల మిషన్ అంటె వాళ్లకు జర జంకు."

"ఎవరొస్తున్నరో ముందుగాల ఎట్ల తెలుస్తది?" అన్నాడు మామ.

"చెట్టు మీదికెల్లి నేను చెప్త" అన్నాడు గౌడు.

అంతే. ఆ రోజు నుంచి పెద్ద గౌడు కల్లున్నా లేకున్నా బాట పక్కనున్న ఆఖరి తాటిచెట్టు ఎక్కి కూర్చునేవాడు. దుమ్ము లేస్తే పైనుంచి కేక. ఎవరి పేరు పిలిస్తే వాళ్లు చేతిలో పని వదిలేసి నడిచేవాళ్లు. రెండేళ్లకు దగ్గర దగ్గరగా మా ఊరు అట్లా బతికింది. గింజలు పోయాయి, ఎడ్లు పోయాయి, దెబ్బలు తగిలాయి, కాని ఊరు కాలలేదు. ఈ సంగతి నేను ఎవరి ముందైనా తలెత్తి చెబుతాను. పుస్తకాల్లో లేదంటే అది పుస్తకాల లోపం.

రజాకార్లు వచ్చిన రోజు నాకు బాగా గుర్తు. కిటికీ సందులోంచి చూశాను. ముల్లా ఎదురుపోయి మొదట అడిగిన మాట, "తిన్నరా?" ఆయన ఎవరినైనా అడిగేది అదే. లారీ మీదివాడు ఉర్దూలో ఏదో గద్దించాడు. మన జాతివాడివై ఉండి ఈ ఊళ్లో ఏం చేస్తున్నావు, కత్తి పట్టేవాడివట, మాతో రా అన్నాడని తర్వాత తెలిసింది. కత్తి నాది కాదు, ఊరిది, పంతులింట్లో ఉంది అన్నాడట ముల్లా. చెంప పగిలింది. టోపీ ఎగిరి దుమ్ములో పడింది. ఆయన వంగి, టోపీ తీసి, మోకాలికేసి దులిపి పెట్టుకుని మళ్లీ అదే అడిగాడు. "ముందు తినుండ్రి. తిన్నంక మాట్లాడుదం."

వాళ్లు తిన్నారు. మా జొన్నలే తిన్నారు.  మా పుట్టిల్లు బయ్యారం దగ్గర. మా అన్నను అట్లాంటివాళ్లే చెట్టుకు కట్టి కొట్టారు, ఆ చెయ్యి మళ్లీ పైకి లేవలేదు. లారీ పోయాక నేను ముల్లాను నిలదీశాను. "వాళ్లకు ఎందుకు పెట్టిచ్చినవు?"

ఆయన వాచిన చెంప పట్టుకునే జవాబిచ్చాడు. "చేతుల ముద్ద ఉన్నంతసేపు తుపాకి కింద ఉంటది బిడ్డా. నేను కొన్నది గంత సేపే."

నా కోపం పోలేదు. కాని ఆ తర్వాత ఎవరొచ్చినా పొయ్యి ముందు కూర్చుని రొట్టెలు కొట్టింది నేనే.

తర్వాత ఢిల్లీ మిలిటరీ వచ్చింది, రజాకార్ల పని అయిపోయింది. ఊళ్లో అందరం గుండెల మీద చెయ్యేసుకుని పడుకున్నాం. ముల్లాకు మాత్రం అప్పుడే కష్టం మొదలైంది. ఊళ్లు కాలినవాళ్లు, మనుషుల్ని పోగొట్టుకున్నవాళ్లు, ఆ పగతో దొరికిన ముస్లింలనల్లా తరుముతున్నారని కబుర్లు వచ్చాయి. మామ ఆయన్నీ భార్యనూ మా బడి గదిలో పెట్టాడు. ఆమెను బీబమ్మ అనేవాళ్లం. మాట తక్కువ, మనిషి బయటికి రావడమే తక్కువ. నెలరోజులు ఆ గదిలో ఉండి ఒక్కసారి కూడా కన్నీళ్లు పెట్టడం నేను చూడలేదు. పలకలు తుడిచేది, గోడలు అలికేది, ఆయనకు గడ్డం గీసుకోమని గుర్తుచేసేది.

అంతలో దసరా వచ్చింది. మా ఊరివాళ్లు తప్ప ఇంకెవరూ చెయ్యని తప్పు అప్పుడు చేశారు. దసరాకు ఎవరి యాటను, అంటే ఎవరి మేకపోతును, వాళ్లు కోసుకుని తింటే ఏమవుతుంది? ఆకాశం ఊడిపడుతుందా? ఊహూ. పండగ పొద్దున లచ్చక్క ముందు నడవగా పదిమంది ఆడవాళ్లు మా బడి ముందుకొచ్చారు.

"ముల్లా, బయటికి రా. యాటలు కట్టేసి ఉన్నయి."

"నేను వస్తె మీకే పరేషాన్ లచ్చవ్వా. ఈ ఒక్కసారికి గౌడుతోని కోపిచ్చుకోండ్రి."

"గౌడు కోస్తె ఎవడు తింటడు? నువ్వు రాకుంటె ఊరు ఊరంత పప్పే తింటది. నీ ఇష్టం."

ముల్లా నవ్వాడు. "ఇన్నేండ్లకు నాకు తోడు దొరికినట్టే" అన్నాడు. కాని చెప్పులేసుకున్నాడు. నేనే చూరులోంచి కత్తి తీసి ఇచ్చాను. 

ఏడు యాటలు అయ్యాయి. ఒక్కోదానికి నీళ్లు, ఒక్కోదానికి రుమాలు, మిగతావాటిని గోడ అవతల కట్టించడం. అట్లా పొద్దెక్కింది. ఇంకా ఎనిమిది ఉన్నాయి. అప్పుడు, ముల్లా బయటికొచ్చాడని మళ్లీ కాపలాకు చెట్టెక్కిన గౌడు కేక వినపడింది.

"ఖాకీలు! జీపులున్నయి! ముందట గడ్డపాయన, తలకు పాగ! ముల్లా, నీవోళ్లే!"

తప్పించుకున్న రజాకార్లు కొందరు ఖాకీలతోనే అడవుల్లో తిరుగుతున్నారని అందరం విన్నాం. గడ్డం, తలపాగా ఉన్న మిలిటరీ మనిషిని మాలో ఎవరూ ఎన్నడూ చూడలేదు. గౌడు తనకు తెలిసిన లెక్కలోనే చెప్పాడు. ముల్లా కూడా మాట ప్రకారమే లేచి నడిచాడు. ఒంటి మీద ఏడు యాటల రక్తం. కత్తిని ఏనాడూ బాట మీదికి తీసుకుపోని మనిషి, ఆ రోజు తొందరలో అది చేతిలో ఉన్నదన్న సంగతే మరిచాడు.

వాళ్లు రజాకార్లు కారు. ఢిల్లీ మిలిటరీ. ముందున్న ఆయన సర్దార్జీ, వాళ్ల ఆఫీసరు. వెనక కర్రలు పట్టుకుని కాలిపోయిన ఆ పక్క ఊరివాళ్లు నలుగురు. మేము గుమ్మాల్లోంచి చూస్తుండగానే నలుగురు సిపాయిలు ముల్లాను పట్టి మోకాళ్ల మీద కూర్చోబెట్టారు, కత్తి గుంజుకున్నారు. గౌడు చెట్టు మీది నుంచి సగం దూకాడు, సగం జారాడు. రొమ్మంతా గీరుకుపోయింది. "తప్పు నాది, నేను చూసుడు తప్పయింది" అని గుండె బాదుకుంటూ ఉరికాడు. ఆ భాష వాళ్లకు తెలియదు. సిపాయి ఒకడు తుపాకి మడమతో వెనక్కి నెట్టాడు.

పక్క ఊరి మనిషి ఒకడు ముందుకొచ్చాడు. "తురకోడు సాబ్. చూడుండ్రి, రక్తం. గీనె రజాకారు" అన్నాడు. అతని ఇల్లు కాలింది, తండ్రి పోయాడు. అతని కోపం ఉత్తది కాదని నాకు తెలుసు. కాని ఆ కోపానికి దొరికినవాడు మా ముల్లా.

ఆఫీసరు హిందూస్తానీలో అడిగాడు, ఈ రక్తం ఎవరిదని. ముల్లా జవాబు చెప్పాడు. ఆఫీసరు నమ్మలేదు, ముఖంలోనే తెలిసింది. మా మామ పరుగెత్తి వచ్చాడు. ఆయన వెనక లచ్చక్క వచ్చింది, చేతిలో యాట తాడు. ఆమె వెనక ఇంకో ఆమె, ఆమె చేతిలోనూ యాట. నేను గోడ అవతలికి పోయి మా యాటను విప్పుకొచ్చాను. ఎనిమిది మంది ఆడవాళ్లం, ఎనిమిది యాటలు, తుపాకుల ముందు. ఎవరూ అనుకుని చేసింది కాదు.  అయినా నిలబడ్డాం.

లచ్చక్క మొదలుపెట్టింది. "ఈయన వట్టి మొండోడు సాబూ! పొద్దుగాల రమ్మంటె పొద్దెక్కినంక వస్తడు. యాట నీళ్లు తాగెదాక కత్తి ముట్టడు. కాలుకు ముల్లిరిగితె ఊరంత ఇనవడేటట్టు ఒర్రుతడు. గీయన మనుషుల్ని నరుకుతడా? రజాకార్లు వచ్చిననాడు ఊరికోసం ముందట నిలవడి దెబ్బ తిన్నది ఈయనే. ఈయన లేకుంటె మా ఇండ్లు గూడ కాలిపోతుండె!"

ఆఫీసరు అటూ ఇటూ చూశాడు. ఆమె ఏమంటోందని అడిగాడు. ఊళ్లో ఆయన భాష బాగా వచ్చినవాడు ఒక్కడే, మోకాళ్ల మీద ఉన్న ముల్లా. కాబట్టి ఆయన గురించి చెప్పిన సాక్ష్యం ఆయనే తర్జుమా చేశాడు. రెండు ముక్కలు చెప్పి ఆపేశాడు. ఆమె అంత సేపు మాట్లాడింది, ఇంతేనా అని ఆఫీసరు మళ్లీ అడిగాడు. ఇంతే అన్నట్టు ముల్లా తలూపాడు.

అప్పుడు మా మామ ముందుకు పోయి తన మిషన్ ఇంగ్లీషులో మాట్లాడాడు. ఆఫీసరు మామను అడిగాడట, ఈ మనిషి సరిగ్గా చెప్పాడా అని. "తిట్లన్నీ సరిగ్గానే చెప్పాడు. పొగిడిన మాటలే మింగేశాడు" అన్నాడట మామ. మిగిలింది తను చెప్పాడు. జీవితంలో తను మాట్లాడిన ఇంగ్లీషు అంతా ఆ ఒక్క మాట కోసమే నేర్చుకున్నట్టుందని మామ చచ్చేదాకా అనేవాడు.

"అందరు కూడబలుక్కున్నరు" అన్నాడు పక్క ఊరి మనిషి.  ఆఫీసరు మా యాటల్ని చూశాడు, తాళ్లు పట్టుకున్న మా చేతుల్ని చూశాడు. తర్వాత ముల్లా చేతికి కత్తి ఇప్పించి, సరే, ఒకదాన్ని నా ముందర కొయ్యి, చూస్తాను అన్నాడు.

ఇంకొకడైతే ఆ మాటకు కాళ్లు మొక్కి కోసేవాడు. నేనైతే కోసేదాన్ని. ముల్లా లేచి, మోకాళ్ల దుమ్ము దులుపుకుని, చుట్టూ చూశాడు. సిపాయిలు, కర్రలు, జీపులు, వాటి మధ్య బెదిరిపోయి తాళ్లు గుంజుతున్న యాటలు. తల అడ్డంగా ఊపాడు. చెంబు తెమ్మన్నాడు. మిగిలిన ఏడింటినీ గోడ అవతలికి తీసుకుపొమ్మన్నాడు. లచ్చక్క యాట ముందు గొంతుక్కూర్చుని, అది తాగేదాకా ఆగాడు. మిలిటరీ కూడా ఆగింది. రుమాలు దాని కళ్ల మీద కప్పి, తలెత్తి ఆఫీసరుకు ఆయన భాషలో ఏదో చెప్పాడు. తర్వాత మా అందరి వైపు, ఆ పక్క ఊరివాళ్ల వైపు చూసి అదే మాట మన భాషలో అన్నాడు.

"ఇంతమంది చూస్తుంటె దానికి బుగులైతది. జర అటు తిరుగుండ్రి."

 సిపాయి ఒకడు తుపాకి ఎత్తాడు. ఆఫీసరు చెయ్యి ఊపి దించమన్నాడు. ముల్లా ముఖంలోకి చాలాసేపు చూశాడు. చూసి, తను ముందు తిరిగాడు. రక్తం బట్టలతో, చేతిలో కత్తితో ఉన్న మనిషికి తన వీపు చూపించి నిలబడ్డాడు. ఆయన తిరిగాక సిపాయిలు తిరిగారు. మేము తిరిగాం. చివరికి ఆ పక్క ఊరివాళ్లూ ఒకరి తర్వాత ఒకరు తిరిగారు. వెనక నుంచి దేవుడి పేరు ఒక్కసారి మెల్లగా వినపడింది. యాట అరవలేదు.

మేము మళ్లీ ఇటు తిరిగేసరికి ముల్లా కత్తిని గడ్డికి తుడిచి, పిడి ముందుకు పెట్టి ఆఫీసరుకు అందిస్తున్నాడు. ఆయన తీసుకోలేదు. ముల్లా అడిగిన తర్వాతి మాట ఏమిటో వేరే చెప్పాలా? "తిన్నరా?"

ఆ మధ్యాహ్నం సిపాయిల్లో చాలామంది మా ఊరి దసరా కూర తిన్నారు. సర్దార్జీ మాత్రం ఆ పద్ధతిలో కోసింది మా మతంలో తినం అన్నాడట. ముల్లా ఆ మాటకు మురిసిపోయాడు. మా వరండాలో ఇద్దరికీ పక్కపక్కన ఆకులు వేశాను. ఇద్దరూ పప్పు, రొట్టె తిన్నారు. ఏవో మాట్లాడుకున్నారు. సర్దార్జీ ఒకచోట మాట ఆపేసి రొట్టె వంక చూస్తూ కూర్చున్నాడు. ఆయన ఊరు ఇప్పుడు సరిహద్దు అవతలికి పోయిందనీ, అక్కడ కూడా ఒక ముల్లా ఉండేవాడనీ, అతను ఏమయ్యాడో తెలియదనీ ముల్లా నాకు తర్వాత చెప్పాడు. ఇంకేమన్నాడని అడిగితే, "పప్పు మంచిగున్నదన్నడు" అన్నాడు.

పక్క ఊరి మనిషి తినలేదు. ముల్లా రెండుసార్లు అడిగాడు, అతను ముఖం తిప్పుకున్నాడు. పోయేముందు మాత్రం ముల్లా అందించిన చెంబు తీసుకుని నీళ్లు తాగాడు. అంతకంటే ఎక్కువ అతన్నించి ఆ రోజు ఆశించడం న్యాయం కాదు.

వాళ్లందరూ వెళ్లాక గౌడు వచ్చి ముల్లా కాళ్ల మీద పడబోయాడు. "గడ్డం చూసి మోసపోతిని ముల్లా" అని ఏడ్చాడు. ముల్లా అతని రొమ్ము మీది గీరుడు చూసి కళ్లు మూసుకుని, "ముందుగాల గా రక్తం తుడువు, నాకు కండ్లు తిరుగుతున్నయి" అన్నాడు.

వాళ్లు ముగ్గురూ ఆ తర్వాత చాలా ఏళ్లు బతికారు. గౌడు ముందు పోయాడు. మామ పోయినప్పుడు ముల్లా కర్ర పట్టుకుని వచ్చి శవపెట్టె పక్కన నిలబడి, "ఎవరొచ్చిండ్రో చెట్టు మీదికెల్లి చెప్పెటోడు లేకపాయె పంతులూ. చెప్తె నేను ముందట పోకపోదునా" అన్నాడు. నేను అప్పుడు వెక్కి వెక్కి ఏడ్చాను.

ముల్లా పోయిన కబురు అందేసరికి నేను మానుకోటలో టీచరుగా ఉన్నాను. మొదటి బస్సు పట్టుకుని పోయాను. ఆయన వాకిట్లో ఊరంతా ఉంది, హిందువులు, మావాళ్లు, ఎక్కడెక్కడి నుంచో వచ్చిన ఆయన బంధువులు. స్నానం చేయించి తెల్లబట్ట చుట్టి మంచం మీద పడుకోబెట్టారు. ఆఖరిసారి ముఖం చూడమని బీబమ్మను బయటికి తెచ్చారు. నడుము వంగిపోయిన ముసలామె ఆయన తల దగ్గర నిలబడింది. ఇంతమందిమి ఆమె ముఖంలోకే చూస్తున్నాం. ఆమె పెదవులు గట్టిగా బిగబట్టుకుని, కొంగు గుప్పిట్లో నలుపుతూ అట్లాగే నిలబడింది. ముఖం వైపు వంగను కూడా వంగలేదు. తీసుకుపోతామని మగవాళ్లు మంచం దగ్గరికొచ్చారు.

అప్పుడు మూలన కూర్చున్న లచ్చక్క, చూపు ఆనని ముసలిది, గోడ పట్టుకుని లేచింది.

"ఆగుండ్రి. ఇంతమంది చూస్తుంటె ఆమె ఎట్ల ఏడుస్తది? జర అటు తిరుగుండ్రి."

వాకిలి వాకిలంతా అటు తిరిగింది. మా వీపుల వెనక, నేను ఆమెను ఎరిగిన ఇన్నేళ్లలో మొదటిసారి, బీబమ్మ ఆయన్ని పేరు పెట్టి పిలిచి ఏడ్చింది.